ముందు బొమ్మ, తర్వాత శ్లోకం

మీ పాప శుక్లాంబరధరం శ్లోకం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తుంది. చుట్టాలొచ్చినప్పుడు నడిమి ఇంట్లో నిలబెట్టి చెప్పిస్తారు. వాళ్లు మెచ్చుకుంటే మీ కడుపు నిండుతుంది. వాళ్లు వెళ్లిపోయాక పాపను దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగి చూడండి: "ఇందాక చెప్పినవు కద బిడ్డా, అందులో దేవుడు ఎట్లున్నడు? ఏ రంగు బట్ట కట్టుకున్నడు?" పాప మీ ముఖం వంక చూస్తుంది. దేవుడి బట్ట సంగతి ఆ శ్లోకంలో ఉందని తనకు తెలియదు. చాలా ఇళ్లలో అమ్మకూ నాన్నకూ కూడా తెలియదు.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మనకూ ఎవరూ విడమరిచి చెప్పలేదు. నోటికి వస్తే చాలనుకున్నారు, మనమూ చాలనుకున్నాం. నోటికి రావడం తక్కువ పని అని నేననను. చిన్నప్పుడు నోటికొచ్చింది ముసలితనంలో కూడా పోదు. కానీ అర్థం కూడా అప్పుడే అందితే ఆ శ్లోకం బిడ్డకు అక్కరకొస్తుంది. భయమేసినప్పుడు, పరీక్ష హాల్లో చేతులు చల్లబడ్డప్పుడు, ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు పట్టుకోవడానికి తనకంటూ ఒకటి ఉంటుంది. ఈ అధ్యాయం అందుకోసమే.

కట్టంగూర్ లాంటి ఊరినే తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ హైవే మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కీ నడుమ ఉంటుంది. పిల్లలకు పొద్దున్నే బడి బస్సు, ఇంగ్లిష్ మీడియం, సాయంత్రం ట్యూషన్, ఆ తర్వాత ఫోను. అమ్మానాన్నల్లో ఒకరు నల్లగొండకో హైదరాబాద్‌కో పనికి పోయి చీకటిపడ్డాక వస్తారు. ఇంట్లో నాయినమ్మ ఉంటుంది. ఆమెకు పాటలొచ్చు, కథలొచ్చు. "నాకు సదువు రాదు బిడ్డా, నేనేం జెప్త" అని మాత్రం వెనక్కి తగ్గుతుంది. నిజానికి ఆ ఇంట్లో ప్రార్థన నేర్పడానికి అందరికంటే తగిన మనిషి ఆమే. ఎందుకో మూడో సూచన దగ్గర చెప్తాను.

ఇన్ని ప్రార్థనలుండగా ఈ శ్లోకంతోనే ఎందుకు మొదలుపెట్టాలి? మొదటి కారణం, ఇది చిన్నది. నాలుగు పాదాలు, పాదానికి 8 అక్షరాలు, మొత్తం 32 అక్షరాలు. రెండోది, ఇది బిడ్డ చెవిన మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుంది. వినాయక చవితి వ్రతం దీనితోనే మొదలవుతుంది, విష్ణు సహస్రనామ పారాయణానికి ముందూ ఇదే చదువుతారు, గృహప్రవేశమైనా పెళ్లయినా పంతులుగారి నోట ముందు వచ్చేది ఇదే. మూడో కారణం నాకు అన్నిటికంటే ముఖ్యం. ఈ శ్లోకం ఒక బొమ్మ. తెల్లని బట్ట కట్టుకున్నవాడు, అంతటా ఉన్నవాడు, చందమామ రంగువాడు, నాలుగు చేతులవాడు, ప్రసన్నమైన ముఖంవాడు. అటువంటివాణ్ని మనసులో నిలుపుకోవాలి, ఆటంకాలన్నీ సద్దుమణగడానికి. అంతే, శ్లోకం అయిపోయింది. కళ్ల ముందు రూపం లేకుండా ఈ శ్లోకం చదివితే అసలు పని మొదలే కాలేదన్నమాట, ఎందుకంటే అది చెయ్యమంటున్నదే ఆ రూపాన్ని తలుచుకోవడం.

మరి ఎలా మొదలుపెట్టాలి?

1. పుస్తకం తీయకండి, కాగితం తీయండి

శ్లోకంలో ఒక్క అక్షరం కూడా చెప్పకముందే బిడ్డ చేతికి తెల్ల కాగితం, రంగు పెన్సిళ్లు ఇవ్వండి. "నేను ఒక దేవుని గురించి చెప్త, నువ్వు గియ్యి" అనండి. ఒక్కొక్క మాటే చెప్పండి. తెల్లబట్ట. నాలుగు చేతులు. చందమామ రంగు. నవ్వు ముఖం. బొమ్మ వంకర పోతే దిద్దకండి. చేతులు నాలుగూ ఒక పక్కనే మొలిచినా ఫరవాలేదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న తప్పకుండా వస్తుంది. మూడో తరగతి పిల్ల ఒకతి నాయినమ్మ పక్కన కూర్చుని గీస్తోందనుకుందాం. అంతా గీసి, పెన్సిల్ ఆపి అడుగుతుంది:

"నాయినమ్మా, ఇది వినాయకుని శ్లోకం కద. మరి తొండం చెప్పలే?"

నిజమే. ఈ శ్లోకంలో తొండం లేదు, ఏనుగు ముఖం లేదు, ఎలుక లేదు. ఏళ్ల తరబడి చవితినాడు చదువుతున్న పెద్దవాళ్లకు కూడా తట్టని సంగతి అది. పెన్సిల్ పట్టుకున్న పిల్లకు ఒక్క సాయంత్రంలో దొరికింది. అప్పుడు మీరేం చెప్తారు? "గవన్నీ నీకెందుకు" అంటే ఆ పిల్ల మళ్లీ అడగదు. ఉన్నదున్నట్టు చెప్పండి: "మంచిగ పట్టినవు బిడ్డా. ఇందులో విష్ణువు అని ఉన్నది. విష్ణువంటె అంతట నిండి ఉన్నోడు. కొందరు దీన్ని విష్ణుమూర్తికి చెప్పుకుంటరు, మనం వినాయకునికి చెప్పుకుంటం. నువ్వు తొండం పెడ్తె పెట్టు, లేకుంటె లేదు."

బొమ్మ అయ్యాక కింద పేరు రాయించి, దేవుడి గూటి దగ్గర గోడకు అంటించండి. మరునాటి నుంచి శ్లోకం చెప్పేటప్పుడు పిల్ల కళ్లు ఆ కాగితం మీద ఉంటాయి.

2. అర్థం ఇంట్లోనే వెతకండి

సంస్కృత పదాలకు తెలుగు పదాలు, వాటికి ఇంగ్లిష్ పదాలు రాయించి బట్టీ పట్టిస్తే మీరు ఇంకో పాఠం పెంచినట్టే. అలా చెయ్యకండి. 'శుక్లం' అన్నప్పుడు తీగ మీద ఆరేసిన తాత పంచె చూపండి. 'శశి' అన్న రోజు రాత్రి వాకిట్లోకి తీసుకుపోండి. అమావాస్య దగ్గరపడితే నాలుగు రోజులు ఆగండి, తొందరేం లేదు. చందమామది తెలుపా, పసుపా? పిల్లలు దీని మీద చాలాసేపు వాదిస్తారు. వాదించనివ్వండి. 'ప్రసన్నవదనం' వచ్చిన రోజు ఇంట్లో అందరూ వరసగా కూర్చుని ముఖాలు పెట్టే ఆట ఆడండి. కోపం ముఖం, ఏడుపు ముఖం, అలిగిన ముఖం, చివరికి ప్రసన్నమైన ముఖం. పళ్లు బయటపెట్టి నవ్వడం వేరు, ప్రసన్నంగా ఉండటం వేరు అని ఏ నిఘంటువూ చెప్పనంత బాగా వాళ్లకు తెలుస్తుంది.

'విఘ్నం' దగ్గర మాత్రం కాసేపు ఆగండి. ఈ మాటకు పిల్లల జీవితంలో బోలెడు ఉదాహరణలున్నాయి. "నీకు విఘ్నం ఏంది?" అని అడగండి. బస్సు పోవడం. పరీక్షనాడు కడుపునొప్పి. హోంవర్క్ మధ్యలో కరెంటు పోవడం. కొందరు మీరు ఊహించనివి చెప్తారు. "మా సార్ అంటె నాకు భయం." "అమ్మా నాయిన కొట్లాడుకుంటుంటె సదవబుద్ధి కాదు." ఒక శ్లోకం అర్థం చెప్పబోయి మీ బిడ్డ మనసులో ఏముందో వినే అవకాశం ఇక్కడ దొరుకుతుంది. దాన్ని పోగొట్టుకోకండి. ఆ రోజు శ్లోకం ముందుకు కదలకపోయినా ఏం నష్టం లేదు.

ఇంకో మాట. ఈ శ్లోకంలో విఘ్నాలు లేకుండా చెయ్యమని లేదు, 'ఉపశాంతి' అని ఉంది. అవి చల్లబడాలి, అణగాలి. మార్కులు ఇమ్మనీ లేదు, డబ్బు ఇమ్మనీ లేదు. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ తేడా చెప్పండి, వాళ్లకు అందుతుంది.

3. సంత చెప్పండి

వేద పాఠశాలల్లో పిల్లలకు పుస్తకం ముందు ఇవ్వరు. గురువు ఒకసారి చెప్తే శిష్యుడు రెండుసార్లు చెప్పాలి. దీన్నే సంత చెప్పడం అంటారు. రాత మీద ఆధారపడకుండా వేదాలు వేల ఏళ్లు నిలిచింది ఈ పద్ధతి మీదే. వేద పఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వంగా గుర్తించిందంటే ఆ గొప్ప అంతా చెవిదీ నోటిదే.

మన ఊళ్లో ఆడపిల్లలు బతుకమ్మ పాటలు ఎలా నేర్చుకున్నారో గుర్తుచేసుకోండి. ఎవరైనా క్లాసు పెట్టారా? పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఒకామె పాట అందుకుంటుంది, మిగతావాళ్లు పలుకుతారు. మొదటి ఏడు చిన్నపిల్ల చప్పట్లు మాత్రమే కొడుతుంది. మరుసటి ఏడు పాదం చివర 'ఉయ్యాలో' ఒక్కటి కలుపుతుంది. ఆ పై ఏడు సగం పాట వస్తుంది. ఎవరూ తప్పు దిద్దలేదు, ఎవరూ మార్కులు వెయ్యలేదు.

నాయినమ్మే తగిన గురువని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది కదా. ఆమె నేర్చుకున్న పద్ధతే ఇది. బతుకమ్మ పాటల నుంచి చిరుతల రామాయణం దాకా, ఊరి భజనల దాకా పుస్తకం ముట్టకుండా నేర్చుకున్న తరం అది. ఆమెకు సంస్కృత శ్లోకం రాకపోతే మీరు ముందు ఆమెకు నేర్పండి. పిల్ల, నాయినమ్మ కలిసి నేర్చుకుంటే ఇంకా మంచిది.

చేసే పద్ధతి ఇది. మీరు ఒక పాదం చెప్పాలి. బిడ్డ రెండుసార్లు చెప్పాలి. అలా ఒక పాదం కనీసం రెండు రోజులు. పాదం కుదిరేదాకా రెండో పాదం వద్దు. నాలుగు పాదాలూ కలిపేటప్పుడు చివరి నుంచి వెనక్కి కూడా ఒకసారి నేర్పండి, అంటే ముందు నాలుగో పాదం, తర్వాత మూడూ నాలుగూ కలిపి. మొదలు బాగా వచ్చి చివర మింగేసే అలవాటు పిల్లల్లో ఎక్కువ, ఇలా చేస్తే అది పోతుంది.

4. అరచెయ్యి నోటి ముందు పెట్టించండి

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఒత్తక్షరాలు జారిపోతాయి. 'ధ' 'ద' అవుతుంది, 'భ' 'బ' అవుతుంది, 'విఘ్నం' 'విగ్నం' అవుతుంది. మాటలతో ఎంత దిద్దినా ఫలితం తక్కువ. అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకుని ముందు 'ద', తర్వాత 'ధ' అనమనండి. రెండోసారి చేతికి గాలి తగలాలి. తగిలితే పలికినట్టు. 'బ', 'భ' కూడా అంతే. పిల్లలకు ఇది ఆట, ఒక్కరోజులో పట్టేస్తారు. శ, ష, స లకు అద్దం పట్టండి. 'స'కు నాలుక పళ్ల దగ్గర ఉంటుంది, 'శ'కు అంగిలి వైపు లేస్తుంది, 'ష'కు కొస ఇంకా వెనక్కి మడుస్తుంది. 'శశి' 'ససి' కాకుండా వచ్చిన రోజు మెచ్చుకోండి.

ఇంకో పొరపాటు పెద్దల నుంచే పిల్లలకు అంటుకుంది. మొదటి మాటను 'శుక్లాం' అని ఆపి 'బరధరం' అని అందుకుంటారు. అందులో మూడు ముక్కలున్నాయి: శుక్ల, అంబర, ధర. తెల్లని, బట్ట, కట్టుకున్న. మీరు మధ్యలో తెంపితే బట్ట ఎగిరిపోయింది! ఊపిరి చాలకపోతే ఆ మాట మొత్తం అయ్యాక ఆగండి.

అయితే ఈ దిద్దుబాటు అంతా నేర్చుకునే సమయంలోనే. దీపం ముందు చేతులు జోడించి చెప్పేటప్పుడు తప్పు వచ్చినా మధ్యలో ఆపకండి. అది దేవుడితో మాట్లాడే సమయం, ఉచ్చారణ పరీక్ష కాదు.

5. సందేహం వస్తే సంతోషించండి

"దేవుడు నిజంగ ఉన్నడా? మొక్కినా జరం తగ్గలే కద?" ఎనిమిదేళ్లు దాటిన ప్రతి బిడ్డా ఏదో ఒక రోజు ఇలా అడుగుతుంది. చాలామంది తల్లిదండ్రులకు అప్పుడు గుండె జారుతుంది. బిడ్డ చెడిపోతోందనుకుంటారు. "అట్లనొద్దు, కండ్లు పోతయి" అని బెదిరిస్తారు.

బమ్మెర పోతనగారిని తలుచుకోండి. 15వ శతాబ్దపు మన కవి, ఆయన ఊరు బమ్మెర ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది. సేద్యం చేసుకుంటూ భాగవతం రాశాడని పెద్దలు చెప్పుకుంటారు. ఎనిమిదో స్కంధంలోని గజేంద్ర మోక్షంలో ఏనుగు మొసలి నోట చిక్కి, బలమంతా ఉడిగి, దేవుణ్ని పిలుస్తుంది. ఆ పిలుపు మధ్యలోనే దానికి అనుమానం వస్తుంది. ఉన్నాడు ఉన్నాడంటారు, అసలు ఉన్నాడా అని. పోతన ఆ అనుమానాన్ని దాచలేదు, భక్తుడి నోటనే పలికించాడు. విష్ణువు ఆ అనుమానానికి కోపం తెచ్చుకోలేదు. శంఖచక్రాలు కూడా పట్టుకోకుండా, లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తాడు.

ఈ కథ మీ పిల్లలకు చెరువు కట్ట మీద కూర్చుని చెప్పండి. నీళ్లు ఎదురుగా ఉంటే మొసలి దానంతటదే వస్తుంది. విష్ణువు పరుగు దగ్గరికి వచ్చాక, "నువ్వు సైకిల్ మీదికెళ్లి పడ్డనాడు మీ అమ్మ చెప్పులు కూడా ఏసుకోకుండ ఉరికొచ్చింది చూడు, గట్ల" అనండి. వివరించాల్సిన పని ఇంకేం ఉండదు.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో లింగం వెనుక స్తంభంలాంటి నీడ పొద్దంతా కదలకుండా నిలిచి ఉంటుంది. అక్కడికి తీసుకుపోయి దండం పెట్టించాక బిడ్డనే అడగండి, ఈ నీడ ఏ స్తంభానిది? సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? లెక్క తేల్చాల్సిన అవసరం లేదు. గుడిలో ప్రశ్న అడగొచ్చని బిడ్డకు తెలిస్తే చాలు.

6. వేళ ఒకటే, సేపు కొంచెమే

దీపం పెట్టే వేళ మంచిది. అయిదు నిమిషాలు. మీరు రాత్రికి గానీ రాలేని ఉద్యోగంలో ఉంటే పడుకునే ముందు. టీవీ కట్టెయ్యాలి, ఫోను ఇంకో గదిలో ఉండాలి, మీది కూడా. ఒకరోజు తప్పిపోతే మరునాడు రెండింతలు చెయ్యకండి.

7. గుడిని పాఠంగా చూపండి, జాతరనాడు మాత్రం వద్దు

చెరువుగట్టు మీకు దగ్గరే. జడల రామలింగేశ్వరుడి దగ్గరికి అమావాస్యనాడు ఎంత జనం వస్తారో తెలుసు కదా. పండుగ చూపించడానికి అప్పుడు తీసుకుపోండి, నేర్పడానికి మాత్రం మామూలు రోజున పోండి. ఖాళీ గుడిలో పిల్లవాడు విగ్రహం ముందు నిలబడి చూడగలుగుతాడు. ఏ గుడికి పోయినా ఒక పని అప్పగించండి. దేవుడికి చేతులెన్ని, వాటిలో ఏమేం ఉన్నాయి, ముఖం ప్రసన్నంగా ఉందా, ఉగ్రంగా ఉందా. యాదగిరిగుట్టకు పోతే ఇంకా ఎక్కువ చూడొచ్చు. 2022 మార్చి 28న తిరిగి తెరుచుకున్న ఆ ఆలయమంతా నల్లరాతి శిల్పమే. క్యూలో నిలబడ్డంతసేపూ ప్రహ్లాదుడి కథ చెప్పండి. చండామార్కుల బళ్లో చదువుకున్న పిల్లవాడు, తండ్రి ఎంత బెదిరించినా తనకు నిజమనిపించింది చెప్పినవాడు. పిల్లలకు ఆ కథలో నరసింహుడి కంటే ప్రహ్లాదుడే ముందు నచ్చుతాడు, ఎందుకంటే వాడు తమ ఈడువాడు.

మనం తరచూ చేసే పొరపాట్లు

అన్నిటికంటే ముందు, భయపెట్టడం. "మొక్కకపోతె దేవునికి కోపమొస్తది", "కండ్లు పోతయి". పిల్లలు నమ్ముతారు. అందుకే ఇది ప్రమాదం. రాత్రి శ్లోకం చెప్పకుండా నిద్రపోయి, తెల్లవారి కళ్లు నులుముకుంటూ లేచి, చూపు ఉందా లేదా అని చూసుకునే పిల్లలుంటారు. ప్రసన్నవదనం అని నోటితో చెప్పిస్తూ, కళ్లు పీకే దేవుణ్ని మనసులో కూర్చోబెడితే ఆ శ్లోకానికి విలువేముంది? ఆ బెదిరింపు మాటను ఇంట్లోంచి పూర్తిగా తీసెయ్యండి. ఇందులో నేను కొంచెం కూడా సడలింపు ఇవ్వను.

రెండోది, శిక్షగా వాడటం. "అన్నను కొట్టినవు కద, పో, పదకొండుసార్లు శ్లోకం చెప్పు." ఆ తర్వాత శ్లోకం అంటే బిడ్డకు గుర్తొచ్చేది మీ కోపమే.

మూడోది బేరం. "మంచిగ మొక్కు, ఫస్టొస్తవు." రాకపోతే? బిడ్డ దృష్టిలో దేవుడు మాట తప్పినవాడవుతాడు, మాట ఇచ్చింది మాత్రం మీరు. పరీక్షకు ముందు శ్లోకం చెప్పించండి, తప్పకుండా చెప్పించండి. అది చదివింది గుర్తురావడానికి, మనసు కుదుటపడటానికి అని చెప్పండి. చదవనిది దేవుడు రాసిపెట్టడని కూడా అప్పుడే చెప్పండి.

చుట్టాల ముందు నిలబెట్టి చెప్పించడం గురించి కూడా ఆలోచించండి. ఇష్టంగా చెప్పే పిల్లలుంటారు, వాళ్లను ఆపొద్దు. సిగ్గుపడే బిడ్డను బలవంతపెట్టి, చెప్పకపోతే "ఇంట్లనైతే మంచిగ చెప్తదండి" అని అందరిలో చిన్నబుచ్చొద్దు.

ఫోనులో వీడియో పెట్టి వదిలెయ్యడం ఈ కాలపు పొరపాటు. వినడానికి వీడియో పనికొస్తుంది, రాగం పట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ అది బిడ్డ చెప్పింది వినదు. తొండం ఏదని అడిగితే జవాబు చెప్పదు.

పెద్ద పిల్లల సంగతి వేరు. ఎనిమిదో తరగతి దాటిన కొడుకు "నాకు ఇంట్రెస్ట్ లేదు" అంటే పట్టుబట్టకండి. చెల్లెకు ఉచ్చారణ నేర్పే పని వాడికి అప్పజెప్పండి. నేర్పేవాడు నేర్చుకుంటాడు. అదీ చెయ్యనంటే వదిలెయ్యండి, మీరు మాత్రం మీ దీపం ముందు మీ శ్లోకం మానకండి. మీ బిడ్డ బడిలో పక్క బెంచీలో నమాజు చేసే ఇంటి పిల్లవాడు, చర్చికి పోయే ఇంటి పిల్ల కూర్చుంటారన్నది కూడా గుర్తుంచుకోండి. మన ప్రార్థన మనకెంత ముఖ్యమో వాళ్లది వాళ్లకంత ముఖ్యమని, ఎగతాళి చెయ్యొద్దని ఈ పాఠంతోపాటే నేర్పాలి.

సంస్కృతం కష్టమనిపిస్తే

"మాకు పంతులుగారి శ్లోకాలు రావు, మా ఇంట్ల అలవాటు లేదు" అని వెనకాడే ఇళ్లు చాలా ఉన్నాయి. మీకు తెలుగు ఉంది. పోతన పద్యాలున్నాయి. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం ఉంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోల్కొండ చెరసాలలో కుమిలి పాడుకున్న కీర్తనలున్నాయి. అర్థం మొత్తం విడమరచక్కర్లేదు, సగం వినగానే తెలిసిపోతుంది. ఒక్క పద్యం చాలు, దానికీ ఇదే వరస: ముందు బొమ్మ లేదా కథ, తర్వాత అర్థం, తర్వాత సంత. అదీ కుదరకపోతే మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు చెప్పించండి. "స్వామీ, ఇయ్యాల మంచిగ ఉన్నం. రేపు కూడ అందరు మంచిగ ఉండాలె." ఇదీ ప్రార్థనే.

అమెరికాలో ఉన్న మనుమలకు ఏం చేస్తాం అని అడిగే తాతలూ నాయినమ్మలూ నల్లగొండ జిల్లాలో తక్కువేం లేరు. అక్కడి పిల్లలకు తెలుగు నేర్పడానికి సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టింది. పద్యాలు రాగంతో పాడే పిల్లలు అక్కడ ఇప్పుడు చాలామంది ఉన్నారు. అయినా మీ గొంతు మీదే. మీరు ఇక్కడ సాయంత్రం దీపం పెట్టే వేళకు డాలస్‌లో తెల్లవారుతుంది. శనివారం ఒక్కరోజు వీడియో కాల్‌లో ఒక పాదం చెప్పండి, అవతల మనుమరాలు రెండుసార్లు చెప్తుంది. సంత చెప్పడానికి ఒకే గదిలో ఉండాల్సిన పని లేదు.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఇంట్లో గానీ, మీ వాడలో గానీ పాట, పద్యం, శ్లోకం నోటికొచ్చిన పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారం వాళ్ల దగ్గరికి మీ బిడ్డను తీసుకుని వెళ్లండి. "అవ్వా, నీకొచ్చింది ఒకటి చెప్పు, మా పిల్ల నేర్చుకుంటది" అని అడగండి. ఫోనులో రికార్డు చెయ్యండి, కింద పేరు, తేదీ రాసి దాచండి. వచ్చే ఆదివారానికి వాయిదా వెయ్యకండి.